పాత సెంటాస్ సర్వర్ ఎందుకు పడుకుంటోంది? డాస్ లోపాలు వెతికి పట్టుకోవడం, మొదటి నుంచి చివరిదాకా

పోయిన ఎండాకాలం చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "అబ్బయ్యా, మన సర్వర్ మీద ఎవరో పడ్డారు, రోజూ పదకొండు గంటలకల్లా పడుకుంటోంది, నువ్వొచ్చి చూడు" అని ఓనరు. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద బండేసుకుని పోయా. స్టాక్ యార్డు పక్క గది, అన్నిటి మీదా రాయి పొడి పేరుకుపోయిన ఇనుప ర్యాక్, అందులో సెంటాస్ 6 (లినక్స్‌లో ఒక రకం) మీద నడుస్తున్న ఒకే ఒక్క సర్వర్. బిల్లింగు, లోడ్ల లెక్క, బయ్యర్లు చూసే వెబ్‌సైటు అన్నీ దాంట్లోనే. సెంటాస్ 6 వచ్చింది 2011లో, దానికి అప్‌డేట్లు ఆగిపోయింది 2020 నవంబర్ 30న. మార్చేద్దాం సార్ అంటే, "ఆ బిల్లింగు రాసిన పిల్లాడు ఇప్పుడు యాడున్నాడో తెలీదు, దాన్ని కదిపితే మా కొంప మునుగుద్ది" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన వైపు రైస్ మిల్లుల్లో, రొయ్యల మేత ఆఫీసుల్లో, కాలేజీల్లో ఇట్లాంటివి ఎన్నో నేనే చూశా, అన్నిచోట్లా ఇదే మాట.

అక్కడ నేను చేసిన పనినే, చేసిన వరసలోనే, ఇక్కడ రాస్తున్నా. లినక్స్ కమాండ్ లైన్ కొంచెం అలవాటున్నవాళ్ల కోసం ఇది. కమాండ్లు మనం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునేటట్టే రాస్తా, టెర్మినల్లో ఎట్లా కొట్టాలో మీకు తెలుసు.

ముందొక మాట. డాస్ అంటే ఇక్కడ పాత నల్ల తెర డాస్ కాదు, డినయల్ ఆఫ్ సర్వీస్. సర్వర్‌లోకి ఎవరూ దూరకపోయినా, ఏమీ దొంగిలించకపోయినా, పని చెయ్యాల్సిన వాళ్లకు పని చెయ్యకుండా చెయ్యడం. నా లెక్కలో ఇవి రెండు జాతులు. ఒక్క దెబ్బకు చంపేవి: తేడాగా తయారుచేసిన ఒక ప్యాకెట్టో కొన్ని ప్యాకెట్లో వస్తే కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) పానిక్ అయి, అంటే ఇక నావల్ల కాదని చేతులెత్తేసి, మిషన్ ఆగిపోతుంది. రెండోది నింపి చంపేవి: కనెక్షన్లు, మెమరీ, టేబుళ్లు, ఏదో ఒకటి నిండిపోయేదాకా పోస్తూ ఉండటం. మొదటిదానికి మందు ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్. రెండోదానికి ఎక్కువసార్లు సెట్టింగు. ఏ జాతో తేలకుండా మందు వేస్తే అది నాటు వైద్యమే.

కాగితం లేకుండా ముట్టుకోవద్దు

ఓనరు నోటి మాట చాలదు. ఏ సర్వర్, ఏ ఐపీ, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, లైవ్ మిషన్ మీద ఏం చేస్తాం, ఏం చెయ్యం అని ఒక పేజీ రాసి సంతకం తీసుకోండి. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి పోవడంతో పాటు, హక్కున్నవాళ్లకు అది అందకుండా చెయ్యడాన్ని కూడా తప్పు అంటుంది. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సర్వర్ అద్దెదైతే, అంటే ఏదో హోస్టింగు కంపెనీదైతే, వాళ్ల అనుమతి వేరేగా కావాలి. మీ పక్క షాపువాడి సర్వర్ మీద "ఊరికే చూద్దామని" టూల్ తిప్పడం ఈ గైడ్‌లో లేదు, నన్ను అడగొద్దు కూడా.

లోపలికి పోవడమే ఒక పని

కొత్త ల్యాప్‌టాప్‌తో పాత సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) కొడితే "నో మ్యాచింగ్ హోస్ట్ కీ టైప్ ఫౌండ్" అని మొహం మీద తలుపేస్తుంది. కంగారు పడొద్దు, సర్వర్ పాడవలేదు. సెంటాస్ 6లో ఉన్నది ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 5.3. 2021లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి పాత ఆర్ఎస్ఏ-షా1 సంతకాలను డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం మానేశారు. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో ఆ ఒక్క సర్వర్ పేరు కింద మాత్రమే హోస్ట్ కీ అల్గారిథమ్స్ దగ్గర ప్లస్ పెట్టి ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ చేర్చండి. అన్ని సర్వర్లకూ కలిపి పెట్టేశారంటే ఒక ముసలిదాని కోసం ఇల్లంతా గొళ్లాలు తీసేసినట్టే.

లోపలికి పోయాక మొదట చూడాల్సింది టైము. డేట్ కొట్టి మీ ఫోన్‌తో పోల్చండి. చీమకుర్తి సర్వర్ 14 నిమిషాలు వెనకుంది, రౌటర్ లాగ్ ఏమో యూటీసీలో, అంటే మన టైముకు 5:30 గంటలు వెనక. ఈ తేడా కాగితం మీద రాసుకోకపోతే తర్వాత లాగ్‌లు కలిపి చూసేటప్పుడు పిచ్చెక్కుతుంది.

పడిపోయిన మిషన్ ఏం చెప్పి పోయిందో చూడండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నేరుగా స్కానర్ తెచ్చి తిప్పుతారు, అది నలభై లోపాలు చూపిస్తుంది, ఆ జాబితా చూసి టెన్షన్ పడతారు. ముందు, అసలు ఎట్లా పడిపోతోందో తేలాలి. స్క్రీన్ గడ్డకట్టి కీబోర్డు కూడా పని చెయ్యట్లేదా? పింగ్ వస్తోంది గానీ వెబ్‌సైటు తెరుచుకోవట్లేదా? దానంతటదే రీబూట్ అవుతోందా? ఓనరును కాదు, రోజూ అక్కడ కూర్చునే అకౌంటెంటును అడగండి. చీమకుర్తిలో ఆ అమ్మాయే చెప్పింది: "సార్, పడిపోదు సార్, తిరుగుతానే ఉంటది. పావుగంట ఆగితే ఒక్కోసారి దానంతటదే వచ్చేస్తది." ఆ ఒక్క మాటతో ఒక్క దెబ్బకు చంపేవన్నీ సగం పక్కకు పోయాయి. పానిక్ అయిన కెర్నెల్ పావుగంటకు కోలుకోదు.

తర్వాత వార్ లాగ్ మెసేజెస్ ఫైలు, డీమెసేజ్, అపాచీ (వెబ్‌సైటు పేజీలు అందించే ప్రోగ్రామ్) ఎర్రర్ లాగ్. వీటిలో వెతకాల్సిన మాటలు కొన్నే. "పాజిబుల్ సిన్ ఫ్లడింగ్ ఆన్ పోర్ట్" అని ఉంటే కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్లు క్యూ పట్టనంతగా వచ్చాయి. "ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" అని ఉంటే ఫైర్‌వాల్ గుర్తుపెట్టుకునే కనెక్షన్ల పట్టిక నిండింది. పాత కెర్నెల్‌లో ఏర్పడిన కనెక్షన్‌ను ఆ పట్టిక డిఫాల్ట్‌గా 4,32,000 సెకన్లు, అంటే సరిగ్గా 5 రోజులు, గుర్తుపెట్టుకుంటుంది. అవతలివాడు చెప్పకుండా వెళ్లిపోయినా వాడి ఎంట్రీ ఐదు రోజులు చోటు ఆక్రమించుకునే ఉంటుంది. "అవుట్ ఆఫ్ మెమరీ: కిల్ ప్రాసెస్" అంటే మెమరీ అయిపోయి కెర్నెలే ఎవరినో బలిచ్చింది. అపాచీ లాగ్‌లో "సర్వర్ రీచ్‌డ్ మ్యాక్స్‌క్లయింట్స్ సెట్టింగ్" అంటే ఒకేసారి ఎంతమందికి జవాబివ్వగలదో ఆ హద్దు దాటింది. మాకు దొరికింది ఈ చివరిది, రోజూ 11 గంటల ప్రాంతంలో.

సార్ అనే కమాండ్ (మనం పిలిచే సార్ కాదు, సిస్‌స్టాట్ ప్యాకేజీలోది) పది నిమిషాలకోసారి లోడు, మెమరీ, నెట్‌వర్కు రాసిపెడుతుంది. ముందే ఎవరైనా పెట్టి ఉంటే మీ అదృష్టం, పాత రోజులు కూడా తిప్పి చూడొచ్చు. నెట్‌వర్కు ట్రాఫిక్ ఆకాశానికి పోకుండానే సర్వర్ ఆగిపోతోందంటే బయటినుంచి వరద రాలేదన్నమాట, ఏదో చిన్నది లోపల కూర్చుని చోటు తింటోంది. చీమకుర్తి గ్రాఫులో 11 గంటలకు ట్రాఫిక్ పెరగకపోగా తగ్గింది.

మిషన్ నిజంగానే పానిక్ అవుతుంటే లాగ్‌లో ఏమీ ఉండదు, ఎందుకంటే డిస్కుకు రాసే లోపే చచ్చిపోతుంది. దానికి కేడంప్ పెట్టండి, పానిక్ అయినప్పుడు మెమరీ కాపీ వార్ క్రాష్ ఫోల్డర్‌లో పడుతుంది. కేడంప్‌కు కొంత మెమరీ ముందే పక్కన పెట్టాలి, రీబూట్ కావాలి. రీబూట్‌కు ఒప్పుకోకపోతే నెట్‌కన్సోల్ ఉంది, కెర్నెల్ చివరి మాటల్ని యూడీపీలో పక్క మిషన్‌కు పంపిస్తుంది.

దాడి కాదు, వయసు

ఇది చాలామందికి తెలియదు. అప్‌టైమ్ కొట్టి ఎన్ని రోజులుగా నడుస్తోందో చూడండి. సెంటాస్ 6 తొలి రోజుల 2.6.32 కెర్నెల్‌లలో టైము లెక్కపెట్టే చోట ఒక బగ్ ఉండేది, 208.5 రోజులు ఆగకుండా నడిస్తే హ్యాంగో పానికో అయ్యే ప్రమాదం. ఆ 208.5 ఎక్కడిదంటే, 2ను 54 సార్లు గుణిస్తే వచ్చే నానోసెకన్లు అన్ని రోజులవుతాయి. తర్వాతి అప్‌డేట్లలో సరిచేశారు గానీ, ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి అప్‌డేట్ మొహం చూడని సర్వర్లు ఉన్నాయి. విండోస్‌లోనూ ఇట్లాంటిదే: సర్వర్ 2008 ఆర్2లో 497 రోజులు దాటితే, ముగిసిపోయి టైమ్ వెయిట్‌లో ఉన్న పోర్టులు మూసుకోవు, మెల్లగా అన్నీ నిండిపోయి కొత్త కనెక్షన్ దొరకదు. నెల్లూరు దగ్గర ఒక మిల్లులో ఇదే చూశా. మన కరెంటుకు 497 రోజులు ఆగకుండా నడిచిందంటే ముందు ఆ యూపీఎస్‌కు దండం పెట్టాలి. ఎవరో చెన్నై నుంచి హ్యాక్ చేస్తున్నారని వాళ్లు నమ్మారు. రీబూట్‌తో పోయింది.

వెర్షన్ నంబరు అబద్ధం చెబుతుంది

ఇప్పుడు సర్వర్ వయసు తెలుసుకోవాలి. యూనేమ్ మైనస్ ఆర్ కొడితే నడుస్తున్న కెర్నెల్ వస్తుంది. ఆర్‌పీఎమ్ మైనస్ క్యూఏ మైనస్ మైనస్ లాస్ట్ కొడితే ఏ ప్యాకేజీ ఏ తారీఖున వచ్చిందో వరసగా వస్తుంది, పైన కనిపించే తారీఖే ఈ సర్వర్‌ను చివరిసారి పట్టించుకున్న రోజు. మాది 2016లో ఆగిపోయింది. డిస్కు మీద కొత్త కెర్నెల్ ఉండి, రీబూట్ చెయ్యక పాతదే నడుస్తూ ఉండే కేసులు బోలెడు, అందుకే రెండూ పోల్చాలి.

ఇక అసలు తిరకాసు. సెంటాస్ 6లో అపాచీ 2.2.15, పీహెచ్‌పీ 5.3.3. ఈ నంబర్లు చూసి స్కానర్ గోల చేస్తుంది. కానీ సెంటాస్‌కు మూలమైన రెడ్‌హ్యాట్ కంపెనీ వాళ్ల పద్ధతి వేరు. వెర్షన్ మార్చకుండా, లోపానికి కావాల్సిన మరమ్మతు మాత్రం వెనక్కి తెచ్చి పాతదాంట్లోనే అతికిస్తారు, దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. సెంటాస్ అదే కోడ్‌తో కట్టింది. ఉదాహరణకు పీహెచ్‌పీలో ఒక్క రిక్వెస్టులో లెక్కలేనన్ని ఫారమ్ ఫీల్డులు పంపి సీపీయూను నమిలేసే లోపం, సీవీఈ-2011-4885 (సీవీఈ అంటే బయటపడ్డ లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు). పీహెచ్‌పీ దీన్ని 5.3.9లో మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ అనే హద్దు పెట్టి, డిఫాల్ట్ 1000గా, ఆపింది. నంబరు ప్రకారం 5.3.3 చచ్చినట్టే. కానీ 2012లో వచ్చిన అప్‌డేట్ పడి ఉంటే అదే 5.3.3లో ఈ హద్దు ఉంటుంది. తేల్చేది చేంజ్‌లాగే: ఆర్‌పీఎమ్ మైనస్ క్యూ, మైనస్ మైనస్ చేంజ్‌లాగ్, ప్యాకేజీ పేరు, దాన్ని గ్రెప్‌కు ఇచ్చి సీవీఈ నంబరు వెతకండి. ఉంటే మూసేశారు. లేకపోతే రాసుకోండి.

ఏ తలుపులు తెరిచి ఉన్నాయి

బయటినుంచి ఒకసారి, లోపలినుంచి ఒకసారి చూడాలి. లోపల నెట్‌స్టాట్ మైనస్ టీయూఎల్ఎన్‌పీ, ఏ ప్రోగ్రామ్ ఏ పోర్టులో కాచుక్కూర్చుందో చెబుతుంది. బయట ఎన్‌మ్యాప్, వెర్షన్ గుర్తించే స్విచ్‌తో, కానీ వేగం తగ్గించి. స్క్రిప్టుల్లో డాస్ అనే కేటగిరీ ఉంటుంది, లైవ్ మిషన్ మీద దాని జోలికి పోవద్దు, అది పేరుకు తగ్గట్టే పని చేస్తుంది. నెసస్ లాంటివాటిలో సేఫ్ చెక్స్ ఆన్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

మాకు బయటికి కనిపించినవి 22, 80, 443, 111, యూడీపీ 123. ఇందులో 111 ఆర్‌పీసీబైండ్, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్కు మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) లాంటివాటికి కావాల్సింది. ఎన్ఎఫ్ఎస్ వాడనిచోట అది ఎందుకుందో ఎవరికీ తెలియదు, ఉంటుంది అంతే. 2017లో దీంట్లో, సీవీఈ-2017-8779, చిన్న చిన్న యూడీపీ ప్యాకెట్లతో మెమరీ అంతా మింగించే లోపం బయటపడింది. దీనికి ప్యాచ్ వెతకడం కూడా దండగ, వాడట్లేదుగా, సర్వీస్ ఆపి, చెక్‌కాన్ఫిగ్‌తో ఆఫ్ చేసి, ఫైర్‌వాల్‌లో మూసేశాం. 123 ఎన్‌టీపీ, టైము సరిచూసుకునే సర్వీస్. పాత ఎన్‌టీపీలో మోన్‌లిస్ట్ అనే ప్రశ్నకు, తనతో ఈమధ్య మాట్లాడిన 600 మంది దాకా జాబితా ఇచ్చేస్తుంది, చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు. అబద్ధపు చిరునామాతో ప్రశ్న వేస్తే జవాబు వేరేవాడి నెత్తిన పడుతుంది. అంటే మీ సర్వర్ పడిపోవడం కాదు, మీ సర్వర్‌తో ఇంకొకరిని కొడతారు. కాన్ఫిగ్‌లో రిస్ట్రిక్ట్ డిఫాల్ట్ లైన్లో నోక్వెరీ ఉందో లేదో చూడండి. ఎవరో ఫోరమ్ చూసి లైను కొట్టేసి ఉంటారు, మా దాంట్లో కొట్టేశారు.

ఒక్క దెబ్బ జాతిలో తప్పక చూడాల్సింది

సాక్ పానిక్, సీవీఈ-2019-11477. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు చెందిన జొనాథన్ లూనీ బయటపెట్టాడు. లినక్స్ కెర్నెల్ 2.6.29 నుంచి, దీన్ని సరిచేసేదాకా వచ్చిన అన్నిటికీ ఉంది. సంగతి ఏమిటంటే, టీసీపీలో మధ్యలో పోయిన ముక్కల్ని మాత్రమే మళ్లీ పంపమనే సౌకర్యం సాక్. ముక్క సైజును బాగా చిన్నది చేసి, సాక్‌లను ఒక పద్ధతిలో పంపితే, కెర్నెల్‌లో ముక్కలు లెక్కపెట్టే 16 బిట్ల అంకె పొంగిపోయి పానిక్ అవుతుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, తెరిచిన ఒక్క టీసీపీ పోర్టు చాలు. సెంటాస్ 6కు ఇది మూసుకున్నది 2.6.32-754.15.3 కెర్నెల్‌తో, సెంటాస్ 7కు 3.10.0-957.21.3తో. మీ యూనేమ్ దీనికన్నా వెనకుంటే లోపం ఉన్నట్టే, టెస్టు చెయ్యాల్సిన పని కూడా లేదు.

కెర్నెల్ మార్చలేని రోజుల్లో రెండు దారులున్నాయి. సిస్‌సీటీఎల్‌లో (కెర్నెల్ సెట్టింగులు మార్చే కమాండ్) టీసీపీ సాక్‌ను సున్నా చెయ్యొచ్చు, దానివల్ల ప్యాకెట్లు ఎక్కువగా పోయే లైన్ల మీద వేగం పడిపోతుంది. లేదా ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) ఎంఎస్ఎస్, అంటే ముక్క సైజు హద్దు, 1 నుంచి 500 లోపు అడిగే కొత్త కనెక్షన్లను పారేసే రూల్ పెట్టొచ్చు, అప్పుడు టీసీపీ ఎంటీయూ ప్రోబింగ్ కూడా ఆఫ్‌లో ఉండాలి. గుట్టల్లో క్వారీలుండి 4జీ డాంగిళ్ల మీద పని నడిచేచోట నేను రెండోదే పెడతా.

కొన్నిసార్లు ముసలితనమే కాపాడుతుంది. 2023 అక్టోబర్‌లో హెచ్‌టీటీపీ/2 ర్యాపిడ్ రీసెట్ అని పెద్ద గోల జరిగింది. అపాచీ 2.2కు హెచ్‌టీటీపీ/2 అంటే ఏంటో తెలియదు, కాబట్టి అది మనకు వర్తించదు. జాబితాలో ఇట్లాంటివి కొట్టేసుకుంటూ పోతే నలభై కాస్తా ఏడెనిమిదికి వస్తాయి.

కాపీ మీదే కొట్టండి

మిగిలినవాటిలో ఊహ తేలాలంటే టెస్టు చెయ్యాలి. లైవ్ మీద కాదు. క్లోన్‌జిల్లాతో డిస్క్ ఇమేజ్ తీసి, మీ దగ్గర వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించండి. మొదటిసారి బూట్ కాకుండా పానిక్ అయితే, కొత్త డిస్క్ కంట్రోలర్‌కు కావాల్సిన డ్రైవర్ ఆ ఇనిట్‌ర్యామ్‌లో (బూట్ మొదట్లో ఎక్కే చిన్న ఇమేజ్) లేకపోయి ఉండొచ్చు. రెస్క్యూ మోడ్‌లోకి పోయి డ్రాకట్ మైనస్ ఎఫ్ కొడితే సరిపోతుంది. నెట్‌వర్కును హోస్ట్-ఓన్లీ చేయండి. నేను మొదట్లో ఒకసారి ఇది మర్చిపోయా, కాపీ సర్వర్ లేచి, క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) ఉన్న పని ప్రకారం అందరు కస్టమర్లకూ బాకీ రిమైండర్ మెయిళ్లు రెండోసారి పంపేసింది. నాలుగు రోజులు తిట్లు తిన్నా.

కాపీ లేచాక దాని మెమరీ, సీపీయూ అసలుదాని అంత ఇవ్వండి, లేకపోతే వచ్చే అంకెలకు అర్థం లేదు. తర్వాత అపాచీబెంచ్‌తో మామూలు లోడు, స్లోహెచ్‌టీటీపీటెస్ట్‌తో నెమ్మది కనెక్షన్లు, 50తో మొదలెట్టి 100, 200, 250, 300. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఇంకో మిషన్ నుంచి పేజీ తెరుచుకుంటోందా, ఎన్ని సెకన్లు పడుతోంది రాసుకోవాలి. ఆ అంకెల పట్టికే మీ రిపోర్టుకు ప్రాణం.

చీమకుర్తి లెక్క

ఇప్పుడు మళ్లీ ఆ పదకొండు గంటల దగ్గరికి. లాగ్‌లో మ్యాక్స్‌క్లయింట్స్ నిండిందని తెలిసింది, ఎవరు నింపారో తెలియదు. సర్వర్ స్టేటస్ పేజీ ఉంటుంది గానీ, అపాచీ నిండిపోయాక ఆ పేజీ కూడా తెరుచుకోదు కదా. అందుకని ముందురోజే నిమిషానికోసారి ఆ పేజీని, నెట్‌స్టాట్ అవుట్‌పుట్‌ను ఫైల్లోకి రాసే చిన్న స్క్రిప్టు క్రాన్‌లో పెట్టా. దాంతోపాటు టీసీపీడంప్, ప్యాకెట్ తలకాయలు మాత్రమే, 50 ఎంబీ ఫైళ్లు పది, నిండితే మొదటిదాని మీద మళ్లీ రాసేటట్టు. డిస్కు నింపి మనమే డాస్ చెయ్యకూడదు కదా.

మర్నాడు 11:10కి తీసిన పేజీలో వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే అపాచీ రిక్వెస్టు చదువుతూ ఎదురుచూస్తోంది, అవతలివాడు మాట మొదలుపెట్టి పూర్తి చెయ్యట్లేదు. ఇది అచ్చంగా స్లోలోరిస్ లక్షణం. 2009లో రాబర్ట్ హాన్సెన్ చూపించిన పద్ధతి అది, సగం సగం హెడర్లు పంపుతూ అపాచీ కుర్చీలన్నీ ఆక్రమించి కూర్చోవడం. ఎవరో కావాలనే చేస్తున్నారని నాకూ అనిపించింది, ఒక్క క్షణం ఓనరు మాటే నిజమనుకున్నా. నెట్‌స్టాట్‌లో ఐపీలవారీగా లెక్కబెడితే దాదాపు 200 కనెక్షన్లు ఒకే ఐపీ నుంచి. ఆ ఐపీ ఎవరిదని తిరగేస్తే, వాళ్ల సొంత క్వారీదే! అక్కడ కాటా పక్కన కంప్యూటరు, దానికో 4జీ రౌటరు. లారీ కాటా ఎక్కగానే బరువును సర్వర్‌కు పంపే ప్రోగ్రామ్. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు రిక్వెస్టు సగంలో తెగితే, పాత కనెక్షన్ మూయకుండా 3 సెకన్లకోసారి కొత్తది తెరుస్తోంది. లోడ్లు కదలడం మొదలయ్యేది పదకొండుకే.

మరి అపాచీ ఆ సగం కనెక్షన్లను ఎందుకు వదిలెయ్యలేదు? సెంటాస్ 6లో అపాచీ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. ఇక్కడ 600 ఉంది. ఎప్పుడో ఫొటోలు అప్‌లోడ్ అవ్వట్లేదని ఎవరో పక్కన ఒక సున్నా చేర్చారు. 3 సెకన్లకు ఒకటి చొప్పున 600 సెకన్లు నిలబడితే 200. మొత్తం కుర్చీలు, అంటే మ్యాక్స్‌క్లయింట్స్, 256. మిగిలిన 56లో ఆఫీసంతా, బయ్యర్లంతా. సున్నా తీసేస్తే అదే కాటాకు పట్టేది 20.

దీనికి తోడు మెమరీ. ఒక్కో అపాచీ ప్రాసెస్ పీహెచ్‌పీతో కలిపి 40 ఎంబీ దాకా చూపించింది. 256ను 40తో గుణిస్తే 10,240 ఎంబీ, మిషన్‌లో ఉన్నది 8 జీబీ. ఆ 40లో పంచుకునే భాగం కూడా కలిసి ఉంటుంది కాబట్టి నిజంగా అంత కాదు గానీ, నిండితే స్వాప్‌లోకి (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) దిగేది ఖాయం, దిగితే డిస్కు గిరగిరా తిరుగుతుంది, అకౌంటెంటు అమ్మాయి "తిరుగుతానే ఉంటది" అన్నది అదే.

ఓనరుకు చెబితే "అయితే ఎవరూ చెయ్యలేదా? మన కాటానే మనల్ని కొట్టిందా?" అని నవ్వేశాడు, కానీ కేసు మూసెయ్యమన్నాడు. అక్కడ మూసెయ్యకూడదు. కాటా తెలియక చేసిన పనిని తెలిసినవాడు ఒక మామూలు ల్యాప్‌టాప్‌తో చెయ్యగలడు, లోపం లోపమే. కాపీ మీద చూస్తే 250 దాకా పేజీ వస్తోంది, 300 దగ్గర అసలు రావట్లేదు, టెస్టు ఆపాక కూడా పది నిమిషాలు.

చేసిన మార్పులు: టైమౌట్ 60. మ్యాక్స్‌క్లయింట్స్ 120, స్వాప్‌లోకి దిగకుండా. అపాచీ 2.2.15తోనే వచ్చే రిక్‌టైమౌట్ మాడ్యూల్ ఆన్ చేసి, హెడర్‌కు 20 సెకన్లు, డేటా సెకనుకు 500 బైట్లు వస్తూ ఉంటే 40 దాకా పొడిగింపు, బాడీకి 20. తర్వాత ఐపీకి ఇన్ని కనెక్షన్లే అని కాన్‌లిమిట్ రూల్. ఈ చివరిది పెట్టేటప్పుడు జాగ్రత్త, మొబైల్ నెట్‌లో వందలమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు, 10 అని పెడితే నిజమైన బయ్యర్లే ఆగిపోతారు. మేం 40 పెట్టాం. కాపీ మీద మళ్లీ అదే 300 కొడితే రూల్ దగ్గరే చాలావరకు ఆగాయి. రూల్ తీసేసి కొట్టినా, అర నిమిషం ఉక్కిరిబిక్కిరై, తేరుకుంది. పట్టుబట్టి మళ్లీ మళ్లీ పోసేవాడికి ఇది చాలదు. అందుకే ముందు ఒక కొత్త మిషన్ మీద ఎన్‌జిన్క్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టి, రిక్వెస్టు మొత్తం అది తీసుకున్నాకే వెనక ముసలిదానికి అందించేటట్టు చేశాం. బయటి ప్రపంచానికి ఇప్పుడు సెంటాస్ 6 కనపడదు.

అప్‌డేట్లు కూడా వేశాం. యమ్ కొడితే మిర్రర్ దొరకలేదంటుంది, ప్యాకేజీలన్నీ సెంటాస్ వాల్ట్‌కు మార్చేశారు, రిపో ఫైల్లో చిరునామా మార్చుకోవాలి. 2016 నుంచి 2020 దాకా వచ్చినవన్నీ అక్కడ ఉన్నాయి. ముందు కాపీ మీద వేసి, బిల్లింగు ప్రింటు తీసి చూసి, ఒక ఆదివారం అసలుదాని మీద. 2020 తర్వాత బయటపడ్డ వాటికి మాత్రం మందు లేదు, అది ఓనరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

విండోస్ వాళ్లకు

పద్ధతి అదే, పేర్లు వేరు. సర్వర్ 2008 ఆర్2కు సపోర్టు 2020 జనవరి 14తో పోయింది, 2012 ఆర్2కు 2023 అక్టోబర్ 10తో. ఈవెంట్ వ్యూయర్, మినీడంప్ ఫోల్డర్, టాస్క్ మేనేజర్ బదులు పెర్ఫ్‌మోన్. ముందు చూడాల్సినవి రెండు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఎంఎస్15-034, ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) నడిచే మిషన్‌ను ఒక్క వెబ్ రిక్వెస్టుతో నీలి తెర చేసేది, కేబీ 3042553 పడిందో లేదో చూసుకోండి. రెండోది 2008 ఆర్2లో రిమోట్ డెస్క్‌టాప్‌కు 2019 మేలో వచ్చిన ప్యాచ్, బ్లూకీప్ అనే లోపానికి. ట్యాలీ కోసమని రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది. ముందు అది మూసి వీపీఎన్ పెట్టండి, తర్వాత మిగతా మాటలు.

రిపోర్టులో ఏం రాయాలి

ప్రతి లోపానికీ నాలుగు ముక్కలు చాలు: ఏంటది, ఉందని ఎట్లా తెలిసింది (చేంజ్‌లాగా, టెస్టా, ఊరికే వెర్షన్ చూసా), ఇప్పుడేం చేశాం, ఏం మిగిలింది. ఊహను ఊహ అని రాయండి. నిజంగానే బయటివాళ్ల దాడి అని తేలితే, సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. పాత సర్వర్లలో లాగ్‌రొటేట్ వారానికోసారి తిప్పి నాలుగు ఉంచుకుంటుంది, అంటే నెల. ఆ సెట్టింగు మార్చడమో, లాగ్‌లను వేరే మిషన్‌కు పంపడమో ఈరోజే చేసుకోవచ్చు.

కాటా ప్రోగ్రామ్ రాసినవాళ్లకు కనెక్షన్ మూయమని మెయిల్ పెట్టాం. "నెక్స్ట్ వెర్షన్‌లో చూస్తాం" అని జవాబు వచ్చింది. నిమిషానికోసారి లెక్కబెట్టే నా స్క్రిప్టును క్రాన్‌లోంచి తీయలేదు, క్వారీ ఐపీ నుంచి 30 దాటితే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. వానాకాలంలో రెండుసార్లు వచ్చింది.